దగ్గరగా వేసిన తలుపు

ఇల్లు కట్టుకునేవారికీ, కట్టిన ఇంటిని బాగుచేయించుకునేవారికీ మన ప్రాంతంలో సలహాల కొరత ఎన్నడూ ఉండదు. పునాది ఎంత లోతుండాలో పక్కింటివారు చెబుతారు. మెట్లు సరిసంఖ్యలో ఉండాలో బేసిసంఖ్యలో ఉండాలో, వంటగది ఏ మూల ఉండాలో అడక్కుండానే చెప్పే బంధువులు ప్రతి కుటుంబంలోనూ ఇద్దరైనా ఉంటారు. సింహద్వారం మాటకొస్తే ఇక చెప్పనే అక్కరలేదు. ముహూర్తం, నవధాన్యాలు, మామిడాకులు, పసుపుకుంకాలు, ద్వారబంధం నిలబెట్టిన రోజున వడ్రంగికి కొత్తబట్టలు. ఇంత హడావిడీ ముగిసి ఇంటిలోపలి తలుపుల ప్రస్తావన వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే మాట: "లోపలివాటిదేముందండీ, ఏదో ఒకటి పెట్టించెయ్యండి."

కాకినాడలోని మా ఇంటికి మరమ్మతులు చేయిస్తున్న ఈ ఆరునెలల్లో ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కలప అడితీలో విన్నాను, తలుపుల దుకాణంలో విన్నాను, చివరికి ఇంజనీరుగారి నోటా విన్నాను. ఈ 'ఏదో ఒకటి' మీదనే నా పేచీ అంతా.

మన ఇళ్ళలో కర్ర ఖర్చుపెట్టే వరుస ఎలా ఉంటుందో ఒకసారి గమనించండి. మొదటి టేకు సింహద్వారానికి. ఏనుగులో, హంసలో, కలశమో చెక్కించిన రెక్క, పైన మూడు పూతల పాలిషు. రెండో టేకు దేవుడి గదికి. దానికి గడులుగడులుగా చిన్న ఇత్తడి గంటలు. (ఆ గంటలు తుడవడానికి ఇంట్లో ఎవరికి పొద్దుపోవాలో కట్టించినవారు చెప్పరు.) ఆ తరువాత పడకగదులకు కర్ర ముక్కలు లోపల కూరి పైన పల్చటి పొర అంటించిన ఫ్లష్ తలుపులు. చిట్టచివరకి, నీళ్ళతో నిత్యం తడిసేదీ, ఇంట్లో పెద్దవారు జారిపడే అవకాశం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేదీ అయిన స్నానాలగదికి అన్నిటికన్నా చవకైనదీ, అన్నిటికన్నా ఇరుకైనదీ. వీధినపోయేవారు చూసేదానికి మొదటి పీట. దినానికి ఇరవైసార్లు మనం చేయివేసి తీసే తలుపుకి కడపటి పీట. వాస్తు పేరిట ఇంట్లో మొత్తం తలుపులు సరిసంఖ్యలో ఉన్నాయా, సున్నాతో ముగుస్తున్నాయా అని వేళ్ళు మడిచి లెక్కించేవారు కూడా, ఆ తలుపుల వెనక ఎవరుంటారన్నది లెక్కలోకి తీసుకోరు. (పక్కకు జరిపే అద్దాల తలుపు ఈ లెక్కలోకి వస్తుందా రాదా అన్నదానిమీద మా ఇంట్లో ఒక సాయంత్రమంతా చర్చ నడిచింది. తీర్పు నేటికీ పెండింగులో ఉంది.)

తలుపు గురించి తెలుగువాడికి తెలిసినంత వివరంగా మరొకరికి తెలుసునా అని నాకు అప్పుడప్పుడు అనుమానం కలుగుతుంది. తలుపు తీస్తాం, వేస్తాం, మూస్తాం. అంతటితో ఆగం. బార్లా తెరుస్తాం. ఓరగా తీస్తాం. ఆ ఓరగా తీసిన స్థితికి ఓరవాకిలి అని ప్రత్యేకంగా ఒక పేరు కూడా పెట్టుకున్నాం. గడియ పెడతాం, గొళ్ళెం వేస్తాం. వీటన్నిటి నడుమ 'దగ్గరగా వేయడం' అని ఒకటుంది. చేరవేయడం అనీ అంటారు. రెక్క ద్వారబంధానికి తగులుతుంది కానీ గడియ పడదు. ఎవరైనా చిటికెనవేలితో తోస్తే తెరుచుకుంటుంది. తెరుచుకుంటుందని అందరికీ తెలుసు. అయినా ఎవరూ తోయరు.

నా లెక్కలో మన ఉమ్మడి ఇళ్ళలో ఏకాంతమన్నది ఉన్నదంటే అది ఆ దగ్గరగా వేసిన తలుపు పుణ్యమే. మండువా లోగిళ్ళలో నాలుగుపక్కలా గదులు, నడిమధ్యన ఆకాశం, ఇరవైమంది మనుషులు. ఎవరికీ 'నా గది' అన్నది లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక తాతగారు కునుకు తీసేటప్పుడు, బాలింతరాలు బిడ్డకి పాలిచ్చేటప్పుడు, పరీక్షకి చదువుకునే పిల్లవాడు కళ్ళుమూసుకుని వల్లెవేసుకునేటప్పుడు, పుట్టింటినుంచి వచ్చిన ఉత్తరం ఎవరైనా కోడలు రెండోసారి చదువుకునేటప్పుడు తలుపు దగ్గరగా పడేది. గడియ పెడితే అది అనుమానానికి తావిచ్చేది. 'పట్టపగలు గడియేమిటి' అనే ప్రశ్న వచ్చేది. బార్లా తీసి ఉంచితే ఎవరైనా రావచ్చని అర్థం. దగ్గరగా వేస్తే, 'నేను ఇక్కడే ఉన్నాను, అవసరమైతే పిలవండి, ఊరికే రాకండి' అని. ఇంత సంగతి నోరువిప్పకుండా చెప్పగలిగిన వస్తువు ఇంట్లో ఇంకొకటి లేదు.

ఈ సంగతి పక్కన పెట్టుకుని ఇప్పుడు అద్దాల తలుపు దగ్గరకు వద్దాం.

(అన్నట్టు, మన వాడుకలో అది అద్దాల తలుపే, గాజు తలుపు కాదు. దుకాణం పలకమీద 'గాజు తలుపులు' అని చదివితే నాకు ముందు గాజులమలారమే కళ్ళకు కడుతుంది. ముఖం చూసుకునేదీ అద్దమే, అవతలివారి ముఖం కనిపించేదీ అద్దమే. మన భాష ఈ రెంటినీ వేరుచేయలేదు.)

అద్దానికి నేను విరోధిని కాను. కరిగిన తగరంమీద కరిగిన గాజును తేలించి, ఎక్కడా వంకరలేని పలకలు తీసే పద్ధతిని పిల్కింగ్‌టన్ సంస్థ 1959లో ప్రకటించింది. ఆ పద్ధతి రాకపోతే మధ్యతరగతి ఇంటికి ఇంత పెద్ద అద్దం, ఇంత నునుపుగా, అందుబాటులోకి వచ్చేదే కాదు. మా చిన్నతనంలో అద్దమంటే కిటికీ రెక్కలో చిన్నచిన్న ముక్కలు, వెంటిలేటరులో ఏటవాలు పలకలు, లేదా బయటివారికి కనిపించకుండా చుక్కలు పొదిగినట్టుండే పిన్‌హెడ్ అద్దం. ఇవాళ నేలనుంచి దూలందాకా ఒకే పలక పెట్టించుకోవచ్చు. అలా పెట్టించుకోదగిన చోట్లు ఇంట్లో ఉన్నాయి కూడా.

మచ్చుకి వంటగది. పాతకాలపు వంటిళ్ళు ఇంటివెనక, చీకట్లో, పొగలో ఉండేవి. లోపల ఉన్నవారికి వెలుతురు లేదు, కబుర్లు లేవు. ఇప్పటివారు దానికి విరుగుడుగా తలుపే తీసేసి 'ఓపెన్ కిచెన్' అన్నారు. ఎండుమిరపకాయల తాలింపు వేసిన మొదటిరోజునే హాల్లో కూర్చున్న చుట్టాలు దగ్గుకుంటూ వీధిలోకి నడిచారు. ఇక్కడ పక్కకు జరిపే అద్దాల తలుపు నిజంగా పరిష్కారం. ఘాటు ఆగుతుంది, వెలుతురు ఆగదు. పొయ్యి దగ్గరున్న మనిషికి ఇల్లంతా కనిపిస్తుంది, ఇంట్లోవారికి ఆ మనిషి పడుతున్న శ్రమ కనిపిస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. భోజనాలగదికీ హాలుకీ నడుమ, చల్లదనం బయటికి పోకుండా ఉండడానికి పెట్టే అద్దమూ అంతే. అక్కడ ఎవరూ ఒంటరిగా ఉండాలని కోరుకోరు.

పడకగదికి అద్దం పెట్టిస్తామన్నప్పుడే నేను ససేమిరా అంటాను. పారదర్శకమైన అద్దం తలుపుకి దగ్గరగా వేయడమన్నది తెలియదు. ఎంత బిగించి మూసినా చూపుకి అది తెరిచినట్టే. పోనీ అని లోపల పరదా కడితే, కట్టిన క్షణంనుంచి అది అద్దమూ కాదు తలుపూ కాదు, ఖరీదైన పరదా కమ్మీ. చట్రంలేని మందపాటి అద్దం తలుపు సంగతి మరీను. దానికి నేలలో పాతిన స్ప్రింగు ఉంటుంది. వదిలేస్తే తనంతట తాను మూసుకుంటుంది, లేకుంటే పూర్తిగా తెరుచుకుని నిలబడుతుంది. ఓరవాకిలి అన్నమాటే దాని నిఘంటువులో లేదు.

వీటికి తోడు, ముసలి కళ్ళకు శుభ్రంగా తుడిచిన అద్దం కనిపించదు. శుక్లాలు ఉన్నవారు నేరుగా వెళ్ళి నుదురు కొట్టుకుంటారు. అద్దం తలుపు పెట్టించక తప్పనివారు నిలబడ్డ మనిషి కంటిమట్టంలో ఒక పట్టీ, కూర్చున్న మనిషి కంటిమట్టంలో ఇంకొక పట్టీ అంటించమని నా మనవి. అందం తగ్గితే తగ్గనీయండి.

అద్దం కొనేటప్పుడు తెలిసి ఉండవలసినవి కొన్ని ఉన్నాయి. మామూలు అద్దం పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది. కనుక తలుపుకి దాని ఊసు వద్దు. టఫెన్డ్ అద్దాన్ని దాదాపు 620 డిగ్రీల సెంటీగ్రేడుకి పైగా వేడిచేసి, గాలి ఊది గభాలున చల్లారుస్తారు. పైపొరలు ముందు గట్టిపడి, లోపలిపొర తరువాత కుంచించుకుంటుంది. ఆ బిగువువల్ల దానికి మామూలు అద్దంకన్నా నాలుగైదు రెట్ల బలం. పగిలితే పటికబెల్లం పలుకుల్లా రాలుతుంది. అయితే అంత బలశాలికీ ఒక మర్మస్థానం ఉంది. నడుమ గుద్దితే ఓర్చుకునే పలక అంచుమీద చిన్న దెబ్బకే మొత్తంగా కుప్పకూలుతుంది. పైగా ఒకసారి టఫెన్ చేశాక కోయడానికి, బెజ్జం వేయడానికి వీలులేదు. కొలత తప్పితే ఆ పలక ఇంకెందుకూ కొరగాదు. రెండు అద్దాల నడుమ పల్చటి పొర పెట్టి అతికిస్తే లామినేటెడ్. పగిలినా ముక్కలు ఆ పొరకే అతుక్కుని నిలబడతాయి. ఎడువార్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచి రసాయనవేత్త 1909లో ఈ ఉపాయానికి పేటెంటు పొందాడు. మన కార్ల ముందు అద్దాలు ఈ కోవలోవే. ఐ.ఎస్. 2553 అనేది ఈ రక్షణ అద్దాలకు మన భారతీయ ప్రమాణం. పలక మూలన ఆ ముద్ర ఉందో లేదో చూసుకోవాలి.

బరువు సంగతి కూడా. చదరపు మీటరుకి ఒక్కొక్క మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోల చొప్పున తూగుతుంది అద్దం. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తున్న తలుపు 8 మిల్లీమీటర్ల అద్దంతో 39 కిలోలు, 12 మిల్లీమీటర్లతో 58 కిలోలు దాటుతుంది. దానిని మోయవలసినవి బందులు, ఆ బందుల్ని మోయవలసింది గోడ. కాబట్టి అద్దం ధర ఒక్కటే చూస్తే లెక్క సగమే అయినట్టు.

ఇసుకతో గరుకుచేసిన అద్దంలో ఒక మోసం ఉంది. దాని గరుకు వైపు తడిస్తే ఆ గరుకు గుంటల్లో నీరు నిండి అవతలివైపు కనిపించసాగుతుంది. స్నానాలగదికి అది పెట్టించేవారు గరుకు వైపు పొడిగా ఉండే దిక్కుకి తిప్పించుకోకపోతే అభాసుపాలు కావలసి వస్తుంది. నిలువుగీతల అద్దానికి ఈ బెడద లేదు. అవతల మనిషి కదిలితే నీడ తెలుస్తుంది, ముఖం తెలియదు. ఈ గుణాన్ని గుర్తుంచుకోమని చదువరులకు విజ్ఞప్తి, కాసేపట్లో దీంతో పనిపడుతుంది.

ఇక కర్ర. కర్ర అనగానే టేకు అనడం కోస్తావారికి పుట్టుకతో వచ్చిన అలవాటు. కారణం లేకపోలేదు. గోదావరిలో తెప్పలుగట్టి దించిన టేకు రాజమండ్రి అడితీలకు చేరేది. సముద్రంమీదుగా బర్మా టేకు వచ్చేది. ఈ కాకినాడ, కోరంగి రేవులనుంచే తెలుగువారు కూలికోసం రంగానికి ఓడలెక్కారు, అక్కడివారి నోట కోరంగీలయ్యారు. మనుషులు వెళ్ళిన దారినే కర్ర వచ్చింది. ఇప్పుడు ఆ రెండు దారులూ మూసుకుపోయినట్టే. మన అడవుల్లో చెట్టు కొట్టడంమీద 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు గట్టి కట్టుబాట్లు పెట్టింది. మయన్మారు 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. నేడు అడితీలో 'టేకు' అని చూపించేది చాలామటుకు ఘనా, ఈక్వెడార్, కోస్టారికా తోటలనుంచి ఓడెక్కి వచ్చినది. అదీ టేకే, చెట్టు అదే. కాకపోతే లేతవయసులో కొట్టింది.

లేతవయసుకి ఏమిటి నష్టమంటే, చేవ. తెలుగులో ఎంత చక్కటి మాట ఇది! చెట్టు నడుమ ముదిరి, నల్లబడి, నూనె పట్టి ఉండే గట్టి భాగం చేవ. టేకుకి చెదలు పట్టదని మనం చెప్పుకునేదంతా ఈ చేవ గురించే. చుట్టూ తెల్లగా ఉండే లేతభాగానికి చెదలు నిక్షేపంగా పడుతుంది. కనుక టేకా కాదా అన్నది సగం ప్రశ్న, చేవ ఎంత అన్నది మిగతా సగం. చేవ తేలిన వేప, ఏగిస, నల్లమద్ది తోటి చేసిన తలుపులు లేత టేకుకన్నా ఎక్కువకాలం నిలిచాయి. మా పిఠాపురం తాతగారింట్లో వంటింటి తలుపు వేపకర్రదే.

వానాకాలంలో తలుపు బిగుసుకుందని విసుక్కోనివారు కోస్తాలో ఉండరు. కర్ర నిలువునా దాదాపు మారదు. అడ్డంగానే తేమకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. పాతకాలపు పలకల తలుపు ఈ గుణాన్ని ఎరిగి చేసినది. చుట్టూ చట్రం, నడుమ పలకలు. ఆ పలకలను చట్రానికి జిగురుతో అంటించరు, మేకులు కొట్టరు. గాడిలో వదులుగా కూర్చోబెడతారు. వానకి పలక ఉబ్బినా గాడిలోపలే ఉబ్బుతుంది, చట్రం కొలత మారదు. చట్రపు నిలువుకర్రల వెడల్పు నాలుగైదు అంగుళాలే కనుక వాటి ఉబ్బు మహా అయితే చిత్రిక ఒకసారి పట్టేంత. దీనిని ఏ కళాశాలలోనూ చదవని మనిషి చేతితో చేశాడు. ఈ మాట అంటే మా మేస్త్రిగారు నవ్వి, "వానొస్తందని కర్రకి మనకన్నా ముందు తెలుస్తదండి, దానికి జాగా ఇవ్వాలంతే" అన్నారు.

ఫ్లష్ తలుపు అసలు పనికిరాదని అనను. ఐ.ఎస్. 2202 ముద్ర ఉండి, లోపల నిండుగా కర్ర ఉన్నదైతే పిల్లల గదికి భేషుగ్గా సరిపోతుంది. లోపల అట్టముక్కల తేనెపట్టు కూరిన బోలు తలుపుని మాత్రం వేలితో తట్టి చూసి వదిలేయండి. దానిలోంచి గుసగుస కూడా దాటుతుంది. కర్రపొడినీ ప్లాస్టిక్కునీ కలిపి పోతపోసిన డబ్ల్యు.పి.సి. తలుపుకి అందం తక్కువ. అయితే నీటికి చలించదు, చెదలకు లొంగదు. దాని చోటు స్నానాలగది. శబ్దం ఆగాలనుకునేవారు కిందనుండే సందు గురించి కూడా ఆలోచించాలి. ఎంత బరువైన తలుపు పెట్టినా గడప తీసేసిన చోట అర అంగుళం ఖాళీ ఉంటే మాటలన్నీ దానికిందనుంచే నడిచిపోతాయి.

ఇంతకూ నాకు తలుపులమీద ఇంత పట్టింపు ఎందుకో చెప్పవలసిన సమయం వచ్చింది. మా అమ్మకు డెబ్భై ఎనిమిదేళ్ళు. క్రిందటేడు కార్తీకమాసంలో తెల్లవారుజామున స్నానాలగదిలో జారిపడింది. లోపల గడియ పెట్టి ఉంది. తలుపు లోపలికి తెరుచుకునే రకం. ఆమె సరిగ్గా ఆ తలుపుకి ఆనుకునే పడింది. బయటినుంచి తోస్తే ఆమె మీదకే తోసినట్టు. బందులు విప్పుదామంటే అవీ లోపలివైపునే ఉంటాయి. చివరకి వెంటిలేటరు ఏటవాలు అద్దాలు ఒక్కొక్కటీ ఊడదీసి, ఎదురింటి ఇంటర్మీడియట్ కుర్రవాడు బక్కపల్చనివాడు కావడం మా అదృష్టం, అందులోంచి దిగాడు. మొత్తం ఇరవై నిమిషాలు. మణికట్టు ఎముక చిట్లింది. ఆ ఇరవై నిమిషాలూ లోపలినుంచి ఆమె మాకు ధైర్యం చెబుతూనే ఉంది.

ఆ వారమే ఫోనులో కుటుంబ సమావేశం జరిగింది. అన్నయ్య డల్లాసులో ఉంటాడు. దూరంగా ఉన్నవారి భయం దగ్గరున్నవారి భయంకన్నా పెద్దది, నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. అమ్మ గదికి పూర్తి అద్దం తలుపు, లోపల ఒక కెమేరా అన్నాడు. హైదరాబాదు అక్కయ్య, ఆ గదికీ స్నానాలగదికీ అసలు గడియలే పీకించెయ్యమంది. అమ్మ ఎడంచేత్తో కాఫీ తాగుతూ అంతా విని, "అందరూ కలిసి నన్ను మిఠాయికొట్టు బీరువాలో కాజాల్లాగా పెడతారట్రా?" అని నన్నే అడిగింది, అక్కడికి ఆ సలహాలన్నీ నేనే ఇచ్చినట్టు.

పిల్లలు పెద్దవాళ్ళయి తల్లిదండ్రులు ముసలివాళ్ళయ్యాక తలుపుల అధికారం చేతులు మారుతుంది. ఈ సంగతి మనం మాట్లాడుకోం. ఏ వయసులోనైనా చీర మార్చుకోవడానికి, ఏడవడానికి, దేవుడితో పోట్లాడటానికి, ఏమీ చేయకుండా కూర్చోవడానికి మనిషికి మూసిన తలుపు కావాలి. అది భద్రతకు విరుద్ధమని అనేవారు, తమ పడకగదికి గడియ ఎందుకు పెట్టించుకున్నారో ముందు చెప్పాలి. అదే సమయంలో ఆ ఇరవై నిమిషాలూ గడిచిన ఇంట్లో నేనున్నాను. 'ఆమె ఇష్టం' అని చేతులు కడుక్కునే వెసులుబాటు నాకు లేదు. ఈ రెంటికీ ఒకే తలుపు సమాధానం చెప్పాలి. కొంచెం ఓపికపడితే చెబుతుందనే నా వాదన. చెప్పనిదల్లా 'ఏదో ఒకటి' తలుపే.

స్నానాలగది తలుపుని తిరగేయించాం. ఇప్పుడది బయటికి తెరుచుకుంటుంది. రెండున్నర అడుగుల ఇరుకు సందు తీసి గోడ కొట్టించి వెడల్పు చేయించాం. సార్వజనిక భవనాలకు చెప్పిన మార్గదర్శకాల్లో చక్రాలకుర్చీ పట్టడానికి 900 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలంటారు. అది సొంత ఇంటికి ఎందుకు వర్తించకూడదో నాకు బోధపడలేదు. రెక్క డబ్ల్యు.పి.సి.ది. గడియ లోపలినుంచి మామూలుగానే పడుతుంది. బయటివైపు దాని గుండీమీద ఒక గాడి ఉంటుంది, రూపాయి బిళ్ళ పెట్టి తిప్పితే తెరుచుకుంటుంది. ఆ రూపాయి బిళ్ళ పక్కనే మేకుకి సంచిలో వేలాడుతోంది. గడప ఎత్తు నేలకి దించేశాం.

అమ్మ గదికి మాత్రం టేకే. దేవుడి గదికని విడిగా కొనలేదు, అమ్మ గదికని కొనవలసిన పనీ పడలేదు. పిఠాపురం ఇల్లు విప్పినప్పుడు తెచ్చి అటకమీద దాచిన రెండురెక్కల తలుపులున్నాయి. అన్నీ ముదురు చేవ. నాలుగు తరాల ఎండావానా తాగి ఇక మెలిక తిరగడానికేమీ మిగలని కర్ర. పాత మేకులు రంపం పళ్ళు విరగ్గొడతాయని మేస్త్రిగారు రెండురోజులు సణిగారు గానీ, మొదటి చిత్రిక పట్టగానే వచ్చిన వాసనకి ఆయనే మెత్తబడ్డారు. ఆ రెండు రెక్కల కర్రనీ కలిపి ఒంటిరెక్క పలకల తలుపు చేస్తున్నారు. కిందనుంచి ఛాతీ ఎత్తుదాకా కర్ర. పైన మూడోవంతులో నిలువుగీతల అద్దం, 6 మిల్లీమీటర్లది, టఫెన్డ్. మంచంమీద పడుకున్న మనిషి అందులోంచి కనిపించదు. లోపల దీపం వెలుగుతోందా, మనిషి లేచి తిరుగుతోందా అన్నది హాల్లోంచి తెలుస్తుంది. రాత్రి రెండింటికి దీపం వెలిగి అరగంట ఆరకపోతే నేను లేచి వెళ్ళి పిలవగలను. తలుపు తోయను.

అద్దం కొలత తలుపు చట్రం పూర్తిగా బిగించాకనే ఇచ్చాం, చుట్టూ రెండేసి మిల్లీమీటర్లు వదులు ఉంచి. తలుపు బిగించడం వానలు వెనకబట్టాకనే అని మేస్త్రిగారు పట్టుబట్టారు. తడికాలంలో బిగించిన తలుపు మాఘమాసానికి సందులిస్తుందట.

చివర్న ఒక చిక్కు వచ్చిపడింది. పిఠాపురం తలుపులకుండే ఇనుప గొళ్ళేల్లో ఒకటి అమ్మ ఏరి పక్కన పెట్టుకుంది. రూపాయి బిళ్ళతో తెరుచుకునే గడియ స్నానాలగదికి సరేనట, గదికి మాత్రం పైన గొళ్ళెం ఉండాలట. "పెట్టుకుంటానని కాదురా. ఉండాలి." అక్కయ్య ఫోనులో గట్టిగానే కాదంది. నేనూ మేస్త్రిగారూ తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూశాం. ఆయనే దారి చెప్పారు. అద్దాన్ని పట్టి ఉంచే బద్దలు ఎప్పుడూ లోపలివైపు బిగిస్తారు. దీనికి హాలువైపు బిగిద్దాం, మేకులతో కాక మరలతో. అవసరం పడితే ఎనిమిది మరలు విప్పి అద్దం దించితే చేయి నేరుగా గొళ్ళెం మీదకే వెళుతుంది. వెంటిలేటరు అద్దాలు ఆవేళ చేసిన పనే. గొళ్ళేన్ని అందుకు తగ్గట్టు అద్దానికి జానెడు దూరంలో పెట్టమన్నాను. మర తిప్పే స్క్రూడ్రైవరు రూపాయి బిళ్ళ సంచిలోనే ఉంటుంది. గొళ్ళేనికి పట్టిన తుప్పు అమ్మే చింతపండుతో తోమి, ఆరబెట్టి, మేస్త్రిగారి చేతికిచ్చింది.